మడమ మీద మచ్చకు అంత కోత ఎందుకు?

ప్రశ్న: నాన్నగారికి 61 ఏళ్లు, వ్యవసాయం, షుగరుంది. మడమ కింద నల్లమచ్చను ఆనెకాయ అనుకుని రెండుసార్లు బ్లేడుతో చెక్కించుకున్నారు. మానకపోతే బయాప్సీ చేయించాం. మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్), మందం 2.4 మి.మీ. అన్నారు. మచ్చ ఒకటిన్నర సెంటీమీటరే. చుట్టూ 2 సెం.మీ. తీయాలట, గజ్జల్లో బిళ్ల కూడా తీసి చూడాలట. చేతికి బిళ్లేమీ తగలడం లేదు. కత్తి పెడితే పాకుతుందని బంధువులంటున్నారు.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆపరేషన్ వాయిదా వేయకండమ్మా. కత్తి పెట్టినందువల్ల మెలనోమా పాకదు. బ్లేడుతో చెక్కడం వల్ల జరిగిన నష్టం వేరు: పైభాగం పోయింది కాబట్టి అసలు మందం 2.4 కంటే ఎక్కువే ఉండి ఉండొచ్చు.

కోత ఎంతన్నది మచ్చ వెడల్పును బట్టి కాదు, లోతును బట్టి. 1 మి.మీ. లోపైతే చుట్టూ 1 సెం.మీ., 1-2 మి.మీ. మధ్య 1 నుంచి 2 సెం.మీ., 2 మి.మీ. దాటితే 2 సెం.మీ. మంచి చర్మం కలిపి తీస్తారు. అంటే నాన్నగారికి పడే గాయం అయిదున్నర సెంటీమీటర్లు, లోతు కండ మీది పొర దాకా. అంతకుమించి తీసినా ఆయుష్షు పెరగదని పరీక్షల్లో తేలింది.

గజ్జల్లో చేసేది సెంటినల్ నోడ్ బయాప్సీ. మచ్చ పక్కన రేడియో మందు, నీలిరంగు ఎక్కిస్తే అవి ముందుగా ఏ బిళ్లకు చేరతాయో దాన్నే తీస్తారు. చేతికి తగలని బిళ్లలోనూ క్యాన్సర్ కణాలుండొచ్చు. ఈ పరీక్ష మచ్చ తీసే రోజే జరగాలి. తర్వాతైతే లింఫు (బిళ్లలకు చేరే ద్రవం) దారులు చెదిరిపోయి వేరే బిళ్లను చూపించవచ్చు. మర్నాడు మూత్రం నీలంగా, పచ్చగా వస్తే కంగారు పడకండి. ఒకవేళ కణాలు కనబడ్డా, ఇప్పుడు బిళ్లలన్నీ ఊడ్చేయడం తగ్గింది. అలా ఊడ్చేస్తే కాలు వాచిపోవచ్చు, ఆయుష్షులో తేడా రాదు. అల్ట్రాసౌండ్‌తో గమనిస్తూ ఇమ్యూనోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే మందులు) సంగతి మాట్లాడతారు.

గాయం ఎలా మూస్తారో ముందే అడగండి. తొడ నుంచి తీసిన పల్చటి చర్మం మడమ మీద బరువుకు పదేపదే పగులుతుంది. పొలంలో తిరిగే మనిషికి అరికాలి గుంటలోని మందపు చర్మాన్ని రక్తనాళంతో సహా జరిపే ఫ్లాప్ మేలు. అది పాడయ్యేది రక్తం గడ్డకట్టి కింద చేరినప్పుడు, కాలు కిందికి వేలాడేసినప్పుడు, నాళం మెలిపడినప్పుడు. చుట్ట, బీడీ ఉంటే అంచులు నల్లబడతాయి. ఈ రోజు నుంచే మానిపించండి. షుగరు అదుపులోకి తెచ్చుకోండి, కానీ దానికోసం నెలలు ఆగకండి. సుమారు మూడు వారాలు మడమ మీద బరువు మోపకూడదు. చంక కర్రలు ముందే కొనండి.

ప్రశ్న: అమ్మకు ముక్కు మీద బేసల్ సెల్ క్యాన్సర్. దానికీ ఇంత కోత తప్పదా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తప్పుతుంది. అది బిళ్లలకు పాకడం చాలా అరుదు. అంచు స్పష్టంగా ఉన్న చిన్న పుండుకు 4 మి.మీ. చాలు. కాకపోతే ముక్కు మీద తిరగబెట్టే గుణం ఎక్కువ. అందుకే మోస్ సర్జరీ దొరికితే అదే మంచిది: పొర తీసి, అంచులన్నీ అప్పుడే మైక్రోస్కోపులో చూసి, క్యాన్సర్ కణాలు మిగిలిన చోటే మళ్లీ తీస్తారు. అది దొరక్కపోతే అంచుల రిపోర్టు వచ్చేదాకా కట్టుతోనే ఉంచి, ఆ తర్వాతే ఫ్లాప్ వేయమని అడగండి. చర్మం జరిపేశాక కణాలు మిగిలాయని తెలిస్తే, అవి ఎక్కడున్నాయో వెతకడం చాలా కష్టం.