నెగెటివ్ గ్రూపు వాళ్లు గ్రహాంతరవాసుల సంతానమా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసు 24. ఇప్పుడు అయిదో నెల. నాది ఓ నెగెటివ్, మా ఆయనది బీ పాజిటివ్. నిరుడు మూడో నెలలో గర్భం పోయింది. అప్పుడు ఇంజెక్షన్ ఏమైనా వేశారో లేదో గుర్తు లేదు. మా మరిది ఫోన్‌లో వీడియోలు చూపించి, నెగెటివ్ గ్రూపు వాళ్లు గ్రహాంతరవాసులకూ మనుషులకూ పుట్టిన సంకరజాతి అనీ, అందుకే వాళ్ల ఒళ్లు మామూలు మనిషి బిడ్డను నిలవనివ్వదనీ అంటున్నాడు. మా అమ్మానాన్నలు ఇద్దరిదీ పాజిటివే. ‘మరి నీకు ఎక్కడి నుంచి వచ్చింది?’ అని మా అత్తగారు అడుగుతున్నారు. ఈ మధ్య తెల్లవారుజామున మెలకువ వస్తే ఒళ్లు కదలడం లేదు, కాళ్ల దగ్గర ఎవరో నిలబడినట్టు ఉంటోంది. ఇంజెక్షన్లు వద్దు, ముందు శాంతి చేయిద్దామని ఇంట్లో అంటున్నారు. నాలో నిజంగా ఏదైనా తేడా ఉందా? బిడ్డ దక్కుతుందా?
– ఓ సోదరి

జవాబు: అమ్మా, వేళకు పరీక్షలు, ఇంజెక్షన్ జరిగితే మీలాంటి తల్లులు చక్కగా ఆరోగ్యమైన బిడ్డల్ని కంటున్నారు. మీలో తేడా ఏమీ లేదు. టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం చేయకండి. ఈ వారంలోనే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్ చేయించుకోండి. బిడ్డ రక్తకణాల మీద దాడి చేసే యాంటీబాడీలు మీ రక్తంలో ఉన్నాయేమో అది చెబుతుంది. ల్యాబ్‌లో ఐసీటీ అంటే చాలు. మిగతా విషయాలు ఆ తర్వాత తీరిగ్గా చదవండి.

ముందు మీ అత్తగారి ప్రశ్న. రక్తకణం పైపొర మీద డీ అనే ప్రోటీన్ ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. దాన్ని తయారు చేసే జన్యువు మనకు రెండు కాపీల దాకా రావచ్చు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒక్క కాపీ ఉన్నా రిపోర్టులో పాజిటివ్ అనే వస్తుంది. మీ అమ్మగారికి ఒకటే ఉంది, నాన్నగారికీ ఒకటే ఉంది. ఇద్దరి నుంచీ ఆ జన్యువు లేని భాగమే మీకు వచ్చింది. ఇలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం నెగెటివ్ బిడ్డకే. బ్లడ్ గ్రూపు కాగితం చూసి ఒక ఆడపిల్ల పుట్టుకనూ, ఆమెను కన్న తల్లినీ అనుమానించే మాటలు నా క్లినిక్‌లో విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, బాధ కూడా కలుగుతుంది. ఈ జవాబు మీ అత్తగారికి చదివి వినిపించండి. ఆవిడ కూడా మీ బిడ్డ కోసమే భయపడుతున్నారని నా నమ్మకం.

ఇక మీ మరిది చూపించిన వీడియోల సంగతి. వాటిలో ఒక్క ముక్క నిజం ఉంది, నమ్మించేది అదే. నెగెటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ ఉన్నప్పుడు, కాన్పులోనో గర్భం పోయినప్పుడో బిడ్డ రక్తం కొద్దిగా తల్లి రక్తంలో కలిస్తే, తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారు కావచ్చు. మొదటి బిడ్డకు సాధారణంగా ఇబ్బంది రాదు. తర్వాతి గర్భంలో ఆ యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ రక్తకణాలను పగలగొడతాయి. బిడ్డకు రక్తహీనత, పుట్టాక తీవ్రమైన కామెర్లు వస్తాయి. వీడియో చేసినవాళ్లు ఇక్కడి నుంచి ఒక్క గెంతు గెంతి, తల్లీ బిడ్డా వేర్వేరు జాతులు అనేస్తారు.

అదే నిజమైతే ‘ఓ’ గ్రూపు వాళ్లందరినీ ఆ లెక్కలో వేయాలి. ‘ఓ’ గ్రూపు తల్లికి ‘ఏ’ గ్రూపు బిడ్డో ‘బీ’ గ్రూపు బిడ్డో పుడితే, తల్లి పాజిటివ్ అయినా సరే, ఇలాగే కామెర్లు రావచ్చు. అది మొదటి కాన్పులోనే రావచ్చు కూడా. మన దేశంలో దాదాపు మూడోవంతు మందిది ఓ గ్రూపే. వాళ్లందరూ ఆకాశం నుంచి ఊడిపడ్డారా? 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం అంతకంటే అరుదైన గ్రూపును గుర్తించింది. ఇప్పటికీ దాన్ని బాంబే గ్రూపు అనే అంటారు. అది ఉన్నవాళ్లూ మనలాంటి మనుషులే.

గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదను కూడా వీడియోవాళ్లు ఉదాహరణగా చూపిస్తారు. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, కంచరగాడిదకు 63. అందుకే దానికి పిల్లలు పుట్టడం చాలా అరుదు. మీకు మీ ఆయనలాగే 46 ఉంటాయి. నెగెటివ్ గ్రూపు ఆడవాళ్లు పిల్లల్ని కంటున్నారు, మనవల్ని ఎత్తుకుంటున్నారు. పైగా మీలో అదనంగా చేరిందేమీ లేదు, ఒక ప్రోటీన్ లేదంతే. ఐరోపాలో బాస్క్ జాతివాళ్లలో వందకు 30 మంది దాకా నెగెటివ్ అనేది వీడియోవాళ్ల మరో ఆధారం. అనేక తరాలు తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న చిన్న సమాజంలో ఒక గుణం పేరుకుపోవడం మామూలే. మన దేశంలో నెగెటివ్ గ్రూపు వాళ్లు సుమారు అయిదు శాతం.

విశ్వంలో ఇంకెక్కడైనా ప్రాణం ఉందా అని శాస్త్రవేత్తలు వెతుకుతూనే ఉన్నారు. అది మంచి ప్రశ్న, మీ మరిదిని ఆ కుతూహలం వదులుకోమనను. కానీ మనకు దగ్గర చుట్టమైన చింపాంజీతోనే మనిషికి సంతానం కలగదు. వేరే గ్రహంలో వేరుగా పుట్టిన ప్రాణితో ఎలా కలుగుతుంది? ఈ సంకర పిల్లల కథలు 1957లో బ్రెజిల్ రైతు ఒకరు, 1961లో అమెరికాలో హిల్ దంపతులు గ్రహాంతరవాసులు తమను ఎత్తుకెళ్లారంటూ చెప్పిన అనుభవాల తర్వాత పెరిగాయి. ఆ పైన వచ్చిన చాలా కథలు హిప్నాటిజంలో చెప్పించినవి. ఆ స్థితిలో అడిగేవాళ్ల ఊహ చెప్పేవాళ్ల జ్ఞాపకంగా మారిపోగలదు.

తెల్లవారుజామున మీకు జరుగుతున్నది కూడా ఇక్కడే చెప్పాలి. కలలు వచ్చే నిద్రలో ఒంటి కండరాలను మెదడే వదులుగా ఉంచుతుంది. ఒక్కోసారి మెలకువ ముందు వచ్చేసి, కదలిక రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాసేపు కల ఇంకా నడుస్తూనే ఉంటుంది కాబట్టి మనిషి నిలబడినట్టు, గుండె మీద బరువు పెట్టినట్టు అనిపిస్తుంది. దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు. మన ఊళ్లలో దెయ్యం కూర్చుందంటారు. ఏలియన్లు తమను ఎత్తుకెళ్లారని చెప్పినవాళ్లను హార్వర్డ్‌లో మెక్‌నాలీ, క్లాన్సీ అనే పరిశోధకులు పరిశీలిస్తే, వాళ్ల కథల వెనక ఇదే నిద్ర అనుభవం కనిపించింది. నిద్ర సరిగా లేకపోవడం, ఆందోళన, వెల్లకిలా పడుకోవడం వల్ల ఇది ఎక్కువవుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి. పడుకునే ముందు ఆ వీడియోలు చూడకండి. బిడ్డకు దీనివల్ల ఏ హానీ లేదు.

మూడో నెలలో గర్భం పోయినందుకు మీ రక్తాన్ని నిందించకండి. ఆ దశలో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే. కాకపోతే అప్పుడు ఆంటీ-డి, అంటే తల్లి ఒంట్లో ఆ యాంటీబాడీలు తయారు కాకుండా ఆపే ఇంజెక్షన్, వేశారో లేదో తెలియాలి. ఆనాటి డిశ్చార్జి కాగితం వెతికి డాక్టరుకు చూపించండి.

ఐసీటీ నెగెటివ్ వస్తే, అంటే యాంటీబాడీలు లేవని తేలితే, 28వ వారంలో ఆంటీ-డి వేయించుకోవాలి. కాన్పు కాగానే బిడ్డ బొడ్డుతాడు రక్తంతో గ్రూపు చూస్తారు. బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మరొకటి. మధ్యలో రక్తస్రావం అయినా, పొట్టకు దెబ్బ తగిలినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆ ఇంజెక్షన్‌ను ఫ్రిజ్‌లోనే ఉంచాలి, అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు. వారం ముందే చెప్పి తెప్పించి పెట్టుకోండి. ఐసీటీ పాజిటివ్ వస్తే ఇక ఆంటీ-డి పనికిరాదు. అప్పుడు యాంటీబాడీల మోతాదు చూస్తూ, బిడ్డ మెదడు రక్తనాళంలో రక్తం పారే వేగాన్ని చూసే డాప్లర్ స్కాన్ చేస్తూ ఉండాలి. అవసరమైతే కడుపులో ఉన్న బిడ్డకే రక్తం ఎక్కించవచ్చు. దానికి పెద్ద ఆసుపత్రి కావాలి కాబట్టి బరంపురం, విశాఖలలో ఎక్కడికి వెళ్లాలో మీ డాక్టరుతో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇంజెక్షన్ అంటే భయపడుతున్న మీ ఇంటివాళ్లకు ఒక మనిషి గురించి చెప్పండి. ఆంటీ-డి మనుషులు దానం చేసిన ప్లాస్మా నుంచే తయారవుతుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయనకు 14 ఏళ్లప్పుడు పెద్ద ఆపరేషన్ జరిగింది, ఎవరో ఇచ్చిన రక్తంతో బతికారు. ఆ రుణం తీర్చుకోవడానికి 1,173 సార్లు దానం చేశారు. ఆయన ప్లాస్మాతో చేసిన ఇంజెక్షన్లు 24 లక్షల మంది పసిబిడ్డలకు అండగా నిలిచాయని అక్కడి రెడ్‌క్రాస్ లెక్క. 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

శాంతి చేయించుకుంటామంటే చేయించుకోండి, మీ మనసుకు ధైర్యం వస్తుంది. దానికోసం ఐసీటీని మాత్రం వాయిదా వేయకండి. కాన్పు ఇంట్లో వద్దు, బ్లడ్ బ్యాంకు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. ఓ నెగెటివ్ వాళ్లకు ఓ నెగెటివ్ రక్తమే ఎక్కించాలి, అది అడిగిన వెంటనే దొరకదు. మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గ్రూపు చూపించుకుంటే వాళ్లలో ఒకరిది మీ గ్రూపే కావచ్చు. ఐరన్ మాత్రలు మానకండి. పుట్టిన తొలిరోజే బిడ్డ కళ్లు, ఒళ్లు పచ్చబడితే ఎండలో పెట్టి చూద్దామని ఆగవద్దు, వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. ఐసీటీ రిపోర్టు రాగానే మళ్లీ రాయండి.