పదవి కోసం నా పుట్టింటి తోట అమ్మమంటున్నారు

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. మావారికి 51 ఏళ్లు. పాతికేళ్లుగా ఒకే పార్టీలో తిరిగారు. తిత్లీ తుపానుకి జీడితోట పడిపోతే మళ్లీ నాటకుండా ఎకరం అమ్మేసి ఎన్నికల్లో ఖర్చు పెట్టారు. నా నాలుగు తులాల బంగారం ఇంకా బ్యాంకు తాకట్టులోనే ఉంది. ధర్నా కేసులు రెండుంటే వాయిదాలకి తిరుగుతూనే ఉన్నారు. ఇప్పుడు పార్టీ అధికారంలో ఉంది. మార్కెట్ కమిటీలో పదవి ఇస్తామని చెబుతూ వస్తున్నారు. ఈసారి చైర్మన్ పదవి మహిళలకి రిజర్వ్ అవుతుందంటున్నారని నా పేరు పెడతానంటున్నారు. మధ్యవర్తి ఒకాయన మూడు లక్షలు అడిగాడు. అందుకని పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద నాకిచ్చిన అర ఎకరం తోట అమ్మమంటున్నారు. వద్దంటే అన్నం మానేస్తున్నారు. రాత్రిళ్లు నిద్ర పోవడం లేదు. ప్రమాణ స్వీకారానికని పొందూరు ఖద్దరు చొక్కా ఒకటి బీరువాలో విడిగా పెట్టుకుని, నెలకోసారి తీసి మళ్లీ ఇస్త్రీ చేయించుకుంటున్నారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు సూటిగా ఒక మాట. ఆ తోట అమ్మకండి. ఆ భూమి మీ పేరున ఉంటే దానికి పూర్తి హక్కుదారు మీరే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం అదే చెబుతోంది. మీరు సంతకం పెట్టకుండా ఎవరూ అమ్మలేరు. ఇక ఆ మూడు లక్షలు చేతులు మారితే పదవి వచ్చినా రాకపోయినా మీరిద్దరూ చిక్కుల్లో పడ్డట్టే. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం ఇచ్చినవాళ్లదీ నేరమే అయింది. పైగా అలాంటి మధ్యవర్తులు రశీదు ఇవ్వరు, పని కాకపోతే ఫోనూ ఎత్తరు.

ఇప్పుడు ఆ చొక్కా సంగతి. మీ ఉత్తరంలో అక్కడికి వచ్చేసరికి చదవడం ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆయనది పదవీ వ్యామోహమని కొట్టిపారేయాలనిపించలేదు. పాతికేళ్లు జెండా మోసిన మనిషి ఊళ్లో టీకొట్టు ముందు నిలబడితే ఎవరో ఒకరు "ఏటి బావూ, మీవాళ్లొచ్చారు కదా, నీకేటిచ్చారు?" అని అడిగే ఉంటారు. అడిగేవాళ్లకి అది వట్టి కాలక్షేపం. ఆయన మాత్రం ఇంటికొచ్చి రాత్రంతా ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటారు. నిన్నగాక మొన్న పార్టీ మారినవాడికి పదవి దక్కితే ఆ మంట ఇంకా ఎక్కువ.

కానీ ఆయన ఒప్పుకోవడానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. పదవి వచ్చినా తోట తిరిగి రాదు. నామినేటెడ్ పదవి గడువు మహా అయితే ఏడాదో రెండేళ్లో. ప్రభుత్వం మారితే ఆ గడువు కూడా మిగలదు. గౌరవ వేతనంతో బంగారం విడిపించడం మాట అటుంచండి, ప్రమాణ స్వీకారం రోజు ఫ్లెక్సీలకీ కార్లకీ భోజనాలకీ అయ్యే అప్పు తీరితే గొప్ప.

పేర్లు ఖరారయ్యే తీరు కూడా ఆయనకి తెలియనిది కాదు. ఏ కమిటీ ఏ వర్గానికి రిజర్వ్ అయిందో చూస్తారు, ఏ మండలానికి ఇంకా ఏమీ దక్కలేదో చూస్తారు, రేపటి ఎన్నికల్లో ఎవరి వెనక నాలుగు ఓట్లున్నాయో చూస్తారు. ఎవరెంత పోగొట్టుకున్నారని రాసుకునే పుస్తకం ఏ పార్టీ ఆఫీసులోనూ ఉండదు. అంతెందుకు, స్వాతంత్ర్య సమరయోధులకి 1972లో కేంద్రం పింఛను పెట్టినప్పుడే కనీసం ఆరు నెలలు జైల్లో ఉన్నట్టు కాగితం చూపించమంది. దేశం కోసం పోరాడినవాళ్లకే రుజువు తప్పలేదు.

కాబట్టి మీరే రాయండి. ఒక సాయంత్రం అమ్మాయిని కూడా పిలిచి నోటు పుస్తకం తెరవండి. ఏ ఏడాది ఏం అమ్మారు, ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది, అన్నీ ఆయన చేతే రాయించండి. అందులో మీ నాలుగు తులాలు కూడా రాయమనండి. పార్టీ కోసం త్యాగం చేశానని ఆయన అంటున్నారే, అందులో సగం మీది. తాకట్టు పెట్టిన రోజు మిమ్మల్ని అడిగారో లేదో మీరు రాయలేదు. నాకైతే అడిగి ఉండరనే అనిపిస్తోంది. ఆయన్ని దెప్పడానికి కాదు ఈ లెక్క. ఇప్పటికి ఎంత పోయిందో కళ్లెదురుగా ఉంటే, ఇంకో అర ఎకరం దానికి కలపాలంటే పెన్ను కదలదు.

తర్వాత ఆయన ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాలి. పీఏకి బయోడేటా ఇచ్చి రావడం కాదు, పార్టీలో ఆయన తొలినాళ్ల నుంచీ ఎరిగిన పెద్దమనుషులు ఇద్దరిని వెంటబెట్టుకుని నేరుగా వెళ్లాలి. అక్కడ పదవి కన్నా ముందు కేసుల సంగతి అడగమనండి. పార్టీ పిలుపు మీద రోడ్డెక్కితే పెట్టిన కేసులవి. ప్రభుత్వం తలచుకుంటే ప్రాసిక్యూటర్ ద్వారా ఉపసంహరణకి కోర్టులో పిటిషన్ వేయించవచ్చు. కోర్టు అనుమతి ఇస్తేనే కేసు పోతుంది గానీ, అడగడానికి దారి ఉంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 360వ సెక్షన్ అదే. అది జరిగితే నెలనెలా కోర్టు వాయిదా తప్పుతుంది, అమ్మాయి సంబంధం మాట్లాడేటప్పుడు కేసుల ప్రస్తావన రాదు. నన్నడిగితే పార్టీ ఆయనకి నిజంగా తీర్చాల్సిన బాకీ అది. పదవి మాట ఆ తర్వాత ఒక్కసారి అడగమనండి. సంక్రాంతి వరకు చూసి, రాకపోతే మళ్లీ ఆ గుమ్మం తొక్కనని ఆయనంతట ఆయనే గడువు పెట్టుకుంటే మంచిది.

మీ పేరు పెట్టే విషయంలో మిమ్మల్ని ఒకటి అడుగుతాను, ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు కనుక. మీకు ఇష్టమేనా? ఇష్టమైతే తప్పేమీ లేదు, పైసా ఇవ్వకుండా వచ్చేటట్టయితే చేయండి. కానీ సమావేశానికి మీరే వెళ్లాలి, కాగితం చదివి మీరే సంతకం పెట్టాలి. కుర్చీలో ఆయన కూర్చుని సంతకం మాత్రం మీది అయితే, రేపు ఆడిట్‌లో అడిగేది మిమ్మల్నే. ఇష్టం లేకపోతే ఆ మాట ఇప్పుడే చెప్పేయండి.

నిద్ర పట్టకపోవడం, అన్నం మానేయడం మాత్రం అలక అనుకోకండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు. "నేనుండి ఎవరికి లాభం" లాంటి మాట ఒక్కటి వచ్చినా ఆలస్యం చేయకుండా శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి మానసిక వైద్యులకి చూపించండి. ఆయన్ని ఒంటరిగా వదలకండి.

తోట కాగితాలు ప్రస్తుతానికి మీ పుట్టింట్లో పెట్టండి. ఆయన అడిగితే ఈ జవాబు చూపించండి. కోపమంటూ వస్తే నామీద పెట్టుకోమనండి.