జుకర్ ఎలుకల్లో లెప్టిన్ ఎందుకు పనిచేయడం లేదు: సమాధానం

లెప్టిన్ కొవ్వు కణాల నుంచి వచ్చి ఆకలిని తగ్గించే హార్మోను; జుకర్ ఎలుకలు వారసత్వంగా లావెక్కే ప్రయోగశాల రకం. మీరు అడిగినట్టు, లెప్టిన్‌ను అందుకునే గ్రాహక ప్రోటీను తాలూకు ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యు సందేశపు నకలు) కనబడుతున్నా, లెప్టిన్ ఎక్కించాక మీ లావు జుకర్ ఎలుకలు మేత తగ్గించకపోవడానికి కారణం చాలావరకు లెప్టిన్ గ్రాహక జన్యువులోని ‘ఎఫ్ఏ’ ఉత్పరివర్తనమే. 806వ స్థానంలో అడెనిన్‌కు బదులు సైటోసిన్ చేరడంతో 269వ అమైనో ఆమ్లం గ్లుటమిన్ నుంచి ప్రోలిన్‌గా మారుతుంది. అనులేఖనం (జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ తయారీ) ఆగదు గనుక ఎంఆర్‌ఎన్‌ఏ ఉంటుంది, కానీ గ్రాహకం కణం ఉపరితలానికి సరిగా చేరదు, సంకేతమూ బలహీనపడుతుంది.

1. సన్నని తోబుట్టువుల జన్యురూపాన్ని కూడా పరీక్షించండి. చాలామంది వదిలేసేది ఇదే. లక్షణం అంతర్గతం (జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపముంటేనే బయటపడేది) కాబట్టి, ఒక ప్రతిలో మాత్రమే లోపమున్న ఎలుక కూడా సన్నగానే కనబడుతుంది, దాన్ని సాధారణ ఎలుకగా లెక్కిస్తే పోలిక చెడుతుంది. ఈ మార్పు, డీఎన్‌ఏను నిర్దిష్ట చోట కోసే ఎంఎస్‌పీ-1 ఎంజైముకు కొత్త కోతస్థలాన్ని ఇస్తుంది. ఆ భాగాన్ని పీసీఆర్‌తో (డీఎన్‌ఏ నకళ్లను పెంచే పద్ధతి) పెంచి కోయించినప్పుడు సాధారణ ప్రతి అక్కడ తెగదు, లోపమున్నది తెగుతుంది, రెండూ ఉంటే రెండు రకాల పట్టీలూ వస్తాయి. అయితే కోత అసంపూర్ణమైతే లావు ఎలుక కూడా మిశ్రమంలాగే కనబడుతుంది కనుక, జన్యురూపం ముందే తెలిసిన లావు ఎలుక డీఎన్‌ఏను పక్కనే నడపడం తప్పనిసరి.

2. ఎంఆర్‌ఎన్‌ఏను కొలిచే పీసీఆర్‌లో వాడే ప్రైమర్లు (పెంచాల్సిన భాగాన్ని గుర్తించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) గ్రాహకంలో కణం వెలుపల ఉండే భాగానివైతే, గ్రాహకపు పొట్టి రూపాలూ పెరుగుతాయి. పొడవు రూపానికే ప్రత్యేకమైన చివరి భాగం నుంచి ఎంచుకోండి.

3. పనితీరును ఎంఆర్‌ఎన్‌ఏతో కాక, లెప్టిన్ ఇచ్చాక హైపోథాలమస్‌లో (మెదడులో ఆకలిని నియంత్రించే భాగం) ఫాస్ఫేటు చేరిన స్టాట్-3 (గ్రాహకపు సంకేతాన్ని కణంలోకి మోసే ప్రోటీను) పరిమాణంతో, సెలైన్ ఇచ్చిన ఎలుకలతో పోల్చి నిర్ధారించండి.