సీ3 తగ్గింది, సీ4 నార్మల్: ఇమ్యూనిటీ లేనట్టేనా?

బాబుకి రక్తపరీక్షలో సీ3 31 వచ్చింది, సీ4 నార్మల్ (రెండూ క్రిములతో పోరాడే కాంప్లిమెంట్ అనే రక్త ప్రొటీన్లలోవి), అంటే రోగనిరోధక శక్తి లేనట్టేనా అని అడిగారు. నాలుగేళ్ల కిందట ఇలాంటి రిపోర్టే మా వాడిదీ వచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్ని అయ్యుండి కూడా ఆ అంకె చూడగానే కాళ్లూ చేతులూ ఆడలేదు.

వానాకాలంలో వాడికి మోకాళ్ల కింద పుండ్లు లేచాయి. ఆయింట్‌మెంట్ రాశాం, మానాయి, మర్చిపోయాం. మూడు వారాలకి పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బాయి, మూత్రం డికాషన్ రంగు. సీ3 28 (మా ల్యాబ్‌లో 90–180 నార్మల్), సీ4 22. పుండ్ల తర్వాత వచ్చే కిడ్నీ వాపు అది.

సీ3 లేక కాదండీ, ఖర్చైపోయి తగ్గింది. ఇది ఎక్కువగా కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుంటుంది. రెండు గొలుసుల ప్రొటీన్, లోపల థయోఎస్టర్ అనే బంధం దాగి ఉంటుంది. ఎంజైమ్ వచ్చి సీ3ఎ అనే చిన్న ముక్కను తెంపగానే మిగిలిన సీ3బి విచ్చుకుంటుంది, ఆ బంధం బయటపడి పక్కనున్న బాక్టీరియాకి పట్టుకుంటుంది, పంచెకి పల్లేరుకాయ పట్టుకున్నట్టు. దాన్ని చూసి తెల్లకణాలు మింగేస్తాయి. సీ5 నుంచి సీ9 దాకా వచ్చి చేరితే కొన్ని బాక్టీరియాల పొరకి బెజ్జమే పడుతుంది. చుట్టూ ఏమీ దొరక్కపోతే నీళ్లు తగిలి సీ3బి వృథా.

వీడీఆర్ఎల్ (సిఫిలిస్ పరీక్ష) చేసేముందు సీరంను 56 డిగ్రీల్లో అరగంట ఉంచేది ఈ కాంప్లిమెంట్‌ని చంపడానికే. ఏళ్లతరబడి చేశాను గానీ, ఎందుకో ఆలోచించింది మా వాడి పుణ్యమానే.

మరి సీ4 ఎందుకు తగ్గలేదు? సీ3ని తెంపే దాకా వచ్చే దారులు మూడు. యాంటీబాడీ మీదుగా వచ్చే దారికీ, లెక్టిన్ (క్రిమి పైనున్న చక్కెరల్ని పట్టుకునే ప్రొటీన్) దారికీ సీ4 కావాలి. మూడోదైన ఆల్టర్నేటివ్ దారికి దానితో పనిలేదు. పుండ్ల తర్వాత వచ్చే కిడ్నీ వాపులో ఎక్కువగా నడిచేది ఆ దారే. లూపస్‌లో (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) తరచూ రెండూ పడిపోతాయి. అందుకే డాక్టర్లు రెండూ కలిపి రాస్తారు.

ఇమ్యూనిటీ పొడులు కొనకండి. ఉప్పు తగ్గించి, బీపీ, రోజుకి ఎంత మూత్రం పోస్తున్నాడో రాసిపెట్టండి. మూత్రం బాగా తగ్గినా, తలనొప్పి, వాంతులు, ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. మా వాడికి ఎనిమిదో వారానికి సీ3 112కి వచ్చింది. రెండు మూడు నెలలైనా లేవకపోతే నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టర్) బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) మాట ఎత్తవచ్చు. మూత్రంలో రక్తకణాలు మాత్రం మావాడికి ఇంకో ఐదు నెలలు కనిపిస్తూనే ఉన్నాయి.