నల్లగొండ వైన్ షాపుల్లో ఎప్పుడూ దొరికే మంచి బీరు ఏది?

బదిలీ మీద నల్లగొండ వచ్చానని, ఇక్కడి మామూలు వైన్ షాపుల్లో ఎప్పుడు వెళ్లినా దొరికే మంచి బీరు పేరు చెప్పమని అడిగారు. పేరు చివర్లో చెబుతాను. ముందు సీసా మీద తేదీ చూడటం అలవాటు చేసుకోండి. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా తాగుతున్నాను, ఇందులో నాకు అనుమానమేమీ లేదు.

రెండేళ్ల కిందట మే నెలలో మా బావమరిది బెంగళూరు నుంచి వచ్చాడు. అక్కడ కళ్లముందే కాచి గ్లాసులో పోసే గోధుమ బీర్లకు అలవాటుపడ్డ మనిషి. మధ్యాహ్నం రెండింటికి ఊరి చివర ఒక దుకాణానికి తీసుకెళ్లాను. లారీలోంచి దించిన బీరు కేసులు గుమ్మం బయట ఎండలోనే పేర్చి ఉన్నాయి. ఆ దొంతర నీడలో ఒక కుక్క హాయిగా నిద్రపోతోంది. నల్లగొండ మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు త్వరలోనే తెలుస్తుంది. కుక్కకు దొరికిన నీడ బీరుకు దొరకలేదు.

మావాడు అద్దాల ఫ్రిజ్‌లో ట్యూబులైటు పక్కన మెరుస్తున్న ఆకుపచ్చ సీసాలు రెండు తీసుకున్నాడు. ఖరీదు ఎక్కువ కాబట్టి మంచివే అయి ఉంటాయని లెక్క. సాయంత్రం డాబా మీద మూత తీసి ఒక గుక్క తాగాడు. ముఖం కొంచెం ముడుచుకుంది. అయినా పరువు పోతుందని, "విదేశీ రకాలు ఇలాగే కాస్త ఘాటుగా ఉంటాయి బావా" అన్నాడు. నేను వాసన చూశాను. కాలిన రబ్బరు! సీసా తడి తుడిచి, ఫోను లైటు వేసి వెతికితే లేబుల్ అంచున తయారీ తేదీ కనిపించింది. ఎనిమిది నెలల నాటిది. మిగిలిన సగం సీసా మా ఆవిడ కరివేపాకు కుండీలోకి వెళ్లింది. మొక్కకేమీ కాలేదు.

వెలుతురు తగిలితే బీరులో చేదునిచ్చే హాప్స్ పదార్థం విరిగి, గంధకంతో కలిసి ఆ కంపు పుడుతుంది. గోధుమరంగు సీసా వెలుతురును చాలావరకు అడ్డుకుంటుంది, ఆకుపచ్చది అంతగా అడ్డుకోలేదు, డబ్బాకైతే ఆ బెడదే లేదు. వేడి చేసే నష్టం ఇంకో రకం. తడిసిన అట్టముక్క నాకినట్టు ఉంటుంది రుచి. ఎండలో కాగిన సీసాను ఆ తర్వాత ఎంత చల్లబరిచినా లాభం లేదు. "కూలింగ్ ఉందా?" అని ఒక్కటే అడిగి సీసా పట్టుకుపోయే మనవాళ్లకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

ఆ రాత్రే మళ్లీ దుకాణానికి వెళ్లాను. లోపలి గదిలో కొత్త కేసు ఉంటే విప్పమన్నాను. "అది కూలింగ్ ఉండదన్నా" అన్నాడు కుర్రాడు. "నేను చూసుకుంటాను, విప్పు తమ్ముడూ" అన్నాను. పన్నెండు సీసాల కేసు, తయారై మూడు వారాలే అయింది. రెండు సీసాలు తెచ్చి బకెట్లో ఐసు, గుప్పెడు ఉప్పు వేసి అందులో ముంచాను. అరగంట తర్వాత మావాడు ఒక గ్లాసు ఖాళీ చేసి, "ఇది ఏ బ్రాండు బావా?" అన్నాడు. కింగ్‌ఫిషర్! "మీ బెంగళూరు కంపెనీదేరా, తయారీ మాత్రం మన సంగారెడ్డి జిల్లాలో" అన్నాను. తర్వాత గోధుమ బీరు మాట ఎత్తలేదు.

దుకాణదారులను తిట్టి ప్రయోజనం లేదు. లైసెన్సు లాటరీలో వస్తుంది. 2025లో దరఖాస్తుకే మూడు లక్షలు, దుకాణం రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అంత పెట్టి వచ్చినవాడు త్వరగా అమ్ముడయ్యే సరుకే నింపుతాడు. అందుకే అరల నిండా స్ట్రాంగే. ఎనిమిది శాతం దాకా ఆల్కహాలు, బెల్లం పాకంలో వేపాకు పిండినట్టుంటుంది. దాన్ని బీరు అనడానికి నాకు నోరు రాదు. లైట్ అడిగితే జ్వరమొచ్చిందా అన్నట్టు చూస్తారు. 2025 జనవరిలో ధరల పెంపు, బకాయిల గొడవతో కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ కొద్దిరోజులు సరఫరా ఆపినప్పుడు మా వీధిలో పెళ్లి ఆగిపోయినంత విచారం. ఫిబ్రవరిలో ధర 15 శాతం పెరిగింది, విచారం మాత్రం తగ్గింది. దుకాణం పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూము గురించి అడగకండి. ఆ ప్లాస్టిక్ గ్లాసులో అమృతం పోసినా తాగలేం.

అసలు మా తాతకు ఈ బాధలేవీ లేవు. తాటివనంలో కూర్చుని కల్లు గీసే గౌడును అడిగేది ఒకే ప్రశ్న: "ఇది ఎప్పుడు దించావు?" తెల్లవారుజామున దించినదైతే తాటాకు రేక పట్టేవాడు, పక్కన ఉడకబెట్టిన శనగ గుడాలు. పొద్దెక్కి పులిసిందంటే లొట్టి వంక చూసేవాడు కాదు. ఏ చెట్టుది అని మాత్రం ఎన్నడూ అడిగినట్టు గుర్తులేదు.

సరే, పేరు. కింగ్‌ఫిషర్ ప్రీమియం, 650 మిల్లీలీటర్ల సీసా. "లైట్" అని అడగండి, ప్రీమియం అంటే కుర్రాడు ఇంకేదో తెస్తాడు. 4.8 శాతమే, ఎండాకాలానికి సరిపోతుంది. అది లేకపోతే బడ్వైజర్. మ్యాగ్నమ్ ఇస్తే వెనక్కి ఇచ్చేయండి, అది స్ట్రాంగు. రెండూ మూడు నెలలు దాటినవే ఉంటే ఆ పూటకు మజ్జిగ తాగండి.