డీగాల్ ఫ్రాన్స్‌కు మార్షల్ అయ్యారా?

కాలేదు. మార్షల్ అంటే ఫ్రాన్స్ సైన్యంలో అత్యున్నత గౌరవ హోదా; చార్లెస్ డీగాల్ చనిపోయేవరకూ రెండు నక్షత్రాల బ్రిగేడియర్ జనరల్‌గానే ఉన్నారు. అదీ 1940 జూన్ 1 నుంచి తాత్కాలికంగా ఇచ్చిన హోదా.

అంతకంటే పెద్ద హోదా రాకపోవడానికి కారణం, ఆయన ఆ వెంటనే రాజకీయాల్లోకి రావడం. జూన్ 6న ప్రధాని రేనో ఆయన్ను యుద్ధ శాఖ సహాయమంత్రిగా తీసుకున్నారు. జూన్ 18న లండన్‌లో బీబీసీ రేడియో నుంచి, జర్మనీపై పోరాటం ఆగదని పిలుపునిచ్చారు. జర్మనీకి లొంగిన ఫ్రాన్స్‌లో ఏర్పడ్డ విషీ ప్రభుత్వం హోదా ఇవ్వడం మాట అటుంచి, ఏకంగా మరణశిక్షే వేసింది. యుద్ధం ముగిసేసరికి ప్రభుత్వాధినేత ఆయనే. 1946లో గద్దె దిగాక కొత్త ప్రభుత్వం హోదా సంగతి కదిపితే అక్కర్లేదన్నారు.

నక్షత్రాలు తక్కువైనా మాట చెల్లింది. 1961 ఏప్రిల్‌లో, అప్పటికి ఫ్రెంచ్ పాలనలో ఉన్న అల్జీరియాలో నలుగురు ఫ్రెంచ్ జనరళ్లు తిరగబడ్డారు. వాళ్లలో సలాన్ హోదాలో ఆయనకంటే చాలా పెద్ద. 23వ తేదీ రాత్రి అధ్యక్షుడు డీగాల్ పాత యూనిఫాం వేసుకుని టీవీలో కనిపించి, వాళ్ల ఆదేశాలు పాటించవద్దన్నారు. బ్యారక్‌లలో కుర్ర సిపాయిలు ఆ ప్రసంగాన్ని ట్రాన్సిస్టర్లలో విన్నారు. మూడు రోజుల్లో తిరుగుబాటు చల్లారింది.

1958లో ఆయన సైన్యం సాయంతో అధికారం లాక్కున్నారని చాలామంది అనుకుంటారు. అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో సైన్యం తెచ్చిన ఒత్తిడి నిజమే, దాన్ని కాదనకూడదు. కానీ ఆయన్ను ప్రధానిని చేసింది జాతీయ అసెంబ్లీ, 329–224 ఓట్లతో. 1969లో రెఫరెండం ఓడిపోయిన మర్నాడే పదవి వదిలేశారు.