స్పీకర్లు అత్యవసర నిధి కావు

ప్రశ్న: నా వయసు 38. ప్రైవేటు ఉద్యోగం. ఇంట్లో నా ఒక్కడి జీతమే ఆధారం, ఇద్దరు పిల్లలు. ఇంటి రుణం నడుస్తోంది. చిన్నప్పటి నుంచీ నాకు సంగీతం పిచ్చి. ఈమధ్య కొత్తగా వచ్చిన ఒక యాంప్లిఫైయర్, దానికి జోడుగా నేలమీద నిలబెట్టే స్పీకర్లు విన్నాను. పాతకాలం డిజైన్: పక్కలకు చెక్క, ముందు రెండు సూది మీటర్లు. కంపెనీ వార్షికోత్సవ ఎడిషన్ అట. అన్నీ కలిపి ఏడు నెలల జీతం అవుతుంది. రెండు నెలల జీతమంత డిపాజిట్ ఉంది, అది పెట్టి మిగతాదానికి 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవాలనుకుంటున్నాను. కేబుళ్లు, ర్యాకు క్రెడిట్ కార్డు మీద తీసుకుంటాను. ఈఎంఐ కోసం మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు ఆపేస్తాను. లిమిటెడ్ ఎడిషన్ కాబట్టి విలువ తగ్గదని, ఇబ్బంది వస్తే ఎప్పుడైనా అమ్ముకోవచ్చని డీలర్ చెబుతున్నారు. లాంచ్ ధర ఈ నెలాఖరు వరకే. అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. ఈ ధర సబబేనా? లోన్ తీసుకోవచ్చా?

జవాబు: లోన్ తీసుకోవద్దండి. ఆ మాట ముందే చెప్పేస్తే ధర సంగతి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. వస్తువు మారుతుంది. ఒకరికి కెమెరా, ఒకరికి బైకు, ఇంకొకరికి చేతి గడియారం. ‘అవసరమైతే అమ్మేస్తాను’ అన్న మాట మాత్రం అందరి ఉత్తరాల్లోనూ ఉంటుంది. మీ ప్రశ్న ఎంచుకున్నది ఆ మాట కోసమే. రేపు పొద్దున బ్యాంకుకు వెళ్లి తీసుకోగలిగే డబ్బునీ, ఎవరో వచ్చి కొంటే చేతికొచ్చే డబ్బునీ మీరు ఒకే గాటన కట్టేస్తున్నారు.

ముందు ధర. ఖరీదైన ఆడియో పరికరాలను చూసి ‘పైన పటారం, లోన లొటారం’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. లోపలా సరుకుంటుంది. కాకపోతే మీరిచ్చే డబ్బులో ఎంత వినడానికి, ఎంత చూడటానికి అన్నది తెలుసుకుని కొనాలి. యాంప్లిఫైయర్ మూత తీసి చూస్తే కనిపించే చిన్న చిన్న విడిభాగాలు చాలామటుకు చవకే. డబ్బు తినేవి బరువున్నవి: ట్రాన్స్‌ఫార్మర్, వేడిని బయటికి పంపే హీట్‌సింకులు, అన్నిటికీ మించి పెట్టె. మీకు నచ్చిన ఆ ముందు పలకనే తీసుకోండి. మందపాటి అల్యూమినియం దిమ్మను మెషీన్ మీద చెక్కి, గీతల్లేకుండా రుద్ది, రంగు పట్టించి తయారుచేస్తారు. వాల్యూమ్ నాబ్ కూడా లోహపు ముద్దను తరిచి చేసిందే, అందుకే వేళ్లకు అంత బరువుగా, నూనె పోసినట్టు నున్నగా తిరుగుతుంది. స్పీకర్ల చెక్క పొరను ఒకే దుంగ నుంచి తీసి, కుడి ఎడమ స్పీకర్ల మీద చారలు కలిసేలా అతికిస్తారు. పియానో నలుపు కావాలంటే పూత మీద పూత వేసి, మధ్యమధ్యలో ఆరబెట్టి, మళ్లీ మళ్లీ పాలిష్ పట్టాలి. ఇదంతా నిజమైన పనే, నిజమైన ఖర్చే. పైగా వేల సంఖ్యలో అమ్ముడుపోయే సరుకు కాదు కాబట్టి డిజైన్ ఖర్చు, అచ్చుల ఖర్చు కొద్దిమంది కొనుగోలుదారుల మీదే పడుతుంది. ఆ పైన డీలర్ మార్జిన్ ఉండనే ఉంది.

పాత రూపానికి ఈమధ్య గిరాకీ బాగా పెరిగింది. జేబీఎల్ 1970లో తెచ్చిన ఎల్100 స్పీకర్‌కు, ముందున్న ఆ గళ్ల నురుగు జాలీతో సహా, 2018లో ఎల్100 క్లాసిక్ పేరుతో కొత్త అవతారం ఇచ్చింది. టెక్నిక్స్ కంపెనీ 2010లో ఆపేసిన ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్‌ను (గ్రామఫోన్ రికార్డులు తిప్పే యంత్రం) 2016లో మళ్లీ తెచ్చినప్పుడు ముందుగా వదిలింది 1,200 పీసుల పరిమిత ఎడిషన్‌ను, అదీ పాతదానికి ఏమాత్రం పొంతన లేని ధరకు. 2023లో లిన్ అనే ఆడియో కంపెనీ తన ఎల్‌పీ12 టర్న్‌టేబుల్ యాభయ్యేళ్ల ఎడిషన్‌ను, ఒకప్పటి ఆపిల్ డిజైనర్ జోనీ ఐవ్ సంస్థ లవ్‌ఫ్రమ్‌తో కలిసి రూపొందించి 250 మాత్రమే చేసింది. వీటి ఇంజినీరింగ్‌ను తక్కువ చేయడం లేదు. కానీ ‘వార్షికోత్సవం’, ‘పరిమితం’ అన్న మాటలు పెట్టె మీదికెక్కాక ధర నిర్ణయించేది పనితనం ఒక్కటే కాదు, కొనేవాడి మమకారం కూడా.

ఆ మమకారం చెవినీ ప్రభావితం చేస్తుంది. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు ఆడియో పరిశోధకులు 1994లో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. వినేవాళ్లకు స్పీకర్లు కనబడకుండా తెర కట్టి ఒకసారి, తెర తీసి ఒకసారి మార్కులు వేయించారు. అదే స్పీకర్, అదే మనిషి, కానీ కంటికి కనబడ్డాక మార్కులు మారిపోయాయి. పరిమాణం, బ్రాండ్, ఖరీదు తెలిసేసరికి అవి కూడా వినిపించడం మొదలుపెట్టాయన్నమాట. షోరూములో మీరు విన్నది ఆ మీటర్ల సూదులు ఊగుతుంటే చూస్తూనే కదా? ఆ మీటర్ల వెలుగు చూస్తే నాకూ అక్కడే కూర్చోవాలనిపిస్తుంది, అందుకే మిమ్మల్ని తప్పు పట్టను.

మీ ఉత్తరంలో ఇంకో ముక్క ఉంది, పైన కుదించి వేశాం కాబట్టి అందులో రాలేదు. 100 వాట్ల మోడల్ ఉన్నా, 200 వాట్లది ‘రెట్టింపు’ కాబట్టి అదే తీసుకుంటున్నానన్నారు. పవర్ రెట్టింపైతే పెరిగే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల పవర్. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు ఖర్చయ్యేది చాలాసార్లు నాలుగైదు వాట్లే. సెన్సిటివిటీ, అంటే అంతే పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందన్న లెక్క, 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్ ఎంచుకుంటే 100 వాట్లతోనే ఆ లోటు తీరిపోతుంది. మీరు అడక్కపోయినా ఇది చెబుతున్నాను, ఎందుకంటే ఆ రెండు మోడళ్ల మధ్య తేడాయే మీకు నెల జీతం దాటుతోంది.

ఇంతకీ ధర సబబా అంటే, చేతిలో డబ్బు ఉన్నవాడికి సబబే. ఇష్టమైన వస్తువుకు లెక్క అడగడం నా పని కాదు. మీ దగ్గర ఆ డబ్బు లేదు. అక్కడే నా పని మొదలవుతుంది.

మీ జీతం ఎంతో ఇక్కడ రాయను. నెలకు చేతికొచ్చేది 100 అనుకుందాం, చదివేవాళ్లు కూడా తమ లెక్క వేసుకోవచ్చు. మీరు పంపిన వివరాల ప్రకారం ఇంటి రుణం ఈఎంఐ 38, ఇల్లు గడవడానికి 40, సిప్‌లు 12, మిగిలేది 10. డిపాజిట్ 200, అందులోంచి 20 అడ్వాన్స్‌గా వెళ్లిపోయింది. అంటే జీతం ఆగితే నెలకు కావలసింది 78. మీ దగ్గరున్న 180 రెండు నెలలకు కాస్త పైన వస్తుంది. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 468 అత్యవసర నిధిగా ఉండాలి. సిస్టమ్ కొనకముందే మీరు 288 వెనకబడి ఉన్నారు.

ఇప్పుడు కొన్నారనుకుందాం. 500 అప్పుకు మూడేళ్ల పాటు నెలకు 17 చొప్పున కట్టాలి. మొత్తం 615 కడతారు, అందులో వడ్డీయే 115. నిధి సున్నా అవుతుంది. పైగా నెలకు కావలసింది 78 నుంచి 95కు పెరుగుతుంది కాబట్టి, ఉండాల్సిన నిధి కూడా 468 నుంచి 570కి చేరుతుంది. గొయ్యి లోతు పెంచి, నిచ్చెన తీసేసినట్టు. వస్తువు మీద అప్పు చేసేటప్పుడు ఈ రెండో సగం ఎవరూ లెక్క వేసుకోరు. ఈఎంఐ కట్టగలనా లేదా అని మాత్రమే చూసుకుంటారు.

ఎనిమిది నెలల తర్వాత ఉద్యోగం పోయిందనుకోండి. లోన్‌లో ఇంకా 406 బాకీ ఉంటుంది. అప్పుడు సిస్టమ్ అమ్ముతారు. కొన్న ధరలో సగానికి పోయిందనుకుంటే వచ్చేది 350. అప్పే తీరదు, ఇంకో 56 మీ జేబులోంచి పోవాలి. ఆ జేబులో ఏమీ లేదు. లేదు, 60 శాతానికి అమ్మానంటారా? 420 వస్తుంది, బాకీ పోను 14 మిగులుతుంది. నెలకు 78 ఖర్చయ్యే ఇంటికి అది వారం కూడా రాదు. ఇదీ డీలర్ చెప్పిన ‘ఎప్పుడైనా అమ్ముకోవచ్చు’.

అమ్మడం కూడా అనుకున్నంత తేలిక కాదు. అంత ఖరీదైనవి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఏ ఊళ్లోనైనా కొద్దిమందే ఉంటారు. వాళ్లు ఇంటికొచ్చి కూర్చుని వింటారు, టార్చి వేసి చెక్క మీద గీతలు వెతుకుతారు, ఒరిజినల్ అట్టపెట్టెలు ఉన్నాయా అని అడుగుతారు. చోటు లేదని ఆ పెట్టెలు మీరు ఎప్పుడో పారేసి ఉంటారు. ఒక్కొక్కటీ ముప్పై, నలభై కిలోలుండే స్పీకర్లు పెట్టెల్లేకుండా ఎక్కడికీ పంపలేరు. మీకు తొందరగా ఉందని పసిగట్టారంటే బేరం ఎక్కడాగుతుందో చెప్పక్కర్లేదు. ముందు పలకకూ, పాలిష్‌కూ, వార్షికోత్సవ బిళ్లకూ మీరిచ్చిన డబ్బు ఆ బేరంలో మొట్టమొదట కొట్టుకుపోతుంది. కొన్ని ఎడిషన్ల ధరలు నిలబడతాయి, నిజమే. ఏవి నిలబడతాయో కొన్న రోజున ఎవరికీ తెలియదు, మీ డీలర్‌కు కూడా. అంత నమ్మకముంటే రెండేళ్ల తర్వాత ఫలానా ధరకు వెనక్కి తీసుకుంటానని కాగితం మీద రాసివ్వమనండి.

యాంప్లిఫైయర్‌లోనే నెట్ ద్వారా పాటలు వచ్చే స్ట్రీమింగ్ ఉందని కూడా రాశారు. స్పీకర్లు ఇరవయ్యేళ్లు పలుకుతాయి. స్ట్రీమింగ్ బోర్డుకు, దాని యాప్‌కు కంపెనీ అప్‌డేట్లు ఎన్నాళ్లిస్తే అన్నాళ్లే ఆయుష్షు. అమ్మేటప్పుడు ఇదీ ధర కోసేస్తుంది.

క్రెడిట్ కార్డు మాట చదివి మాత్రం నిజంగా విసుగొచ్చింది. పర్సనల్ లోన్ మీద కార్డు బాకీ, అదీ కేబుళ్ల కోసం! నెలకు 3 శాతం వడ్డీ ఉన్న కార్డు అయితే, కట్టకుండా వదిలేసిన బాకీ ఏడాదికి చక్రవడ్డీతో 42 శాతం పైన పెరుగుతుంది. ఇది కొరివితో తల గోక్కోవడమే. రాగి తీగ తగినంత లావుగా ఉంటే మామూలు కేబుల్ సరిపోతుంది.

సిప్‌ల సంగతి. నిధి నింపడానికి కొన్నాళ్లు ఆపితే నాకు అభ్యంతరం లేదు. స్పీకర్ల కోసం ఆపితే ఉంది. బీమా విషయంలో ఆఫీసు ఇచ్చే గ్రూపు పాలసీ తప్ప ఏమీ లేదన్నారు. అది ఉద్యోగంతో పాటే పోతుంది, కాబట్టి సొంతంగా టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. ఆ ప్రీమియం నెలకు మిగిలే డబ్బులోంచి కట్టుకోవచ్చు.

మరి ఏం చేయాలి? నెలకు 17 ఈఎంఐ కట్టగలనని మీరే రాశారు కదా. అదే 17ను లోన్‌కు బదులు అత్యవసర నిధికి కట్టండి. వడ్డీ కలపకుండా చూసినా 17 నెలల్లో ఆ 288 లోటు పూడుతుంది. బోనస్ వస్తే ఇంకా ముందే. తర్వాత కూడా ఆపకుండా వేస్తే, మీరు తీసుకుందామనుకున్న లోన్ తీరే మూడేళ్లకల్లా నిధి పూర్తిగా నిండి, విడిగా 324 చేతిలో ఉంటుంది. దాంతో స్పీకర్లు కొంటారో, యాంప్లిఫైయర్ కొంటారో మీ ఇష్టం, నేను అడ్డు చెప్పను. అప్పటికి ఈ ఎడిషన్ ఉండదేమో. ఇంకో వార్షికోత్సవం తప్పకుండా వస్తుంది.

అంతవరకూ వినకుండా ఉండలేనంటే, బల్ల మీద పెట్టే చిన్న స్పీకర్లు, మామూలు పెట్టెలో వచ్చే యాంప్లిఫైయర్ చూడండి. 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020 అనే యాంప్లిఫైయర్ చూడటానికి ఏ ఆకర్షణా లేని బూడిదరంగు డబ్బా, ధర తక్కువ. అయినా దాని పలుకు గురించి సంగీతాభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. గత ఏడాది మోడళ్లు, షోరూములో డెమోకు పెట్టినవి కూడా అడగండి. ఏది తీసుకున్నా నెల చివర మిగిలిన డబ్బుతోనే, డిపాజిట్ ముట్టుకోకుండా.

ఇక ఆ అడ్వాన్స్. 20 ఇచ్చేశాను కాబట్టి వెనక్కి తగ్గలేకపోతున్నానని రాశారు. అది పోతే నష్టం 20. దాన్ని కాపాడుకోవడానికి ముందుకెళ్తే వడ్డీయే 115. నెలాఖరు దాకా ఆగకుండా రేపే డీలర్‌కు రాతపూర్వకంగా రద్దు చేయమని పంపండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. రసీదు వెనక షరతులు చదవండి. పూర్తిగా తిరిగివ్వకపోతే కొంతైనా అడగండి, అదీ కుదరదంటే ఆ మొత్తాన్ని తర్వాత కొనే చిన్న స్పీకర్లకు సర్దుబాటు చేస్తానని రాయించుకోండి. డబ్బు తిరిగొస్తే అదే రోజు డిపాజిట్‌లో కలిపేయండి.